వెండి పిడి చేతికర్ర

పున్నమి రాత్రి అనగానే మనకేం గుర్తొస్తుంది? సత్యనారాయణ వ్రతం, కార్తీక దీపాలు, డాబా మీద చాపలేసుకుని తిన్న వెన్నెల భోజనాలు. మారాం చేసే పిల్లకి చందమామను చూపించి గోరుముద్దలు తినిపించని తల్లి మనలో ఉండదు. అదేమిటో గానీ, అదే చందమామ నిండుగా కనిపిస్తే పడమటి దేశాల సినిమాల్లో జనం తలుపులు బిడాయించుకుంటారు! వెన్నెల ఒంటిమీద పడగానే అంతవరకూ పెద్దమనిషిలా ఉన్నవాడికి గోళ్ళు పెరుగుతాయి, జుట్టు మొలుస్తుంది, కోరలు దిగుతాయి. తెల్లారి లేచేసరికి మళ్ళీ మామూలు మనిషే. రాత్రి ఎవరి పీక కొరికాడో వాడికే గుర్తుండదు.

సినిమాల్లో ఈ తోడేలు మనిషి కథలకి పెద్దదిక్కు 1941లో హాలీవుడ్‌లో యూనివర్సల్ కంపెనీ తీసిన 'ది వుల్ఫ్ మాన్'. దాన్నే 2010లో బోలెడు డబ్బు పోసి మళ్ళీ తీశారు. అది చాలదన్నట్టు 2025లో ఇంకోసారి తీశారు. రెండుసార్లూ చాలామంది పెదవి విరిచారు. పాతదే బాగుందన్నారు. పాతదే బాగుందనడం పెద్దవాళ్ళకి ఎలాగూ అలవాటే, మా కాలంలో కందిపప్పు రుచే వేరు అన్నట్టు. కానీ ఈ విషయంలో ఆ మాట వెనక నిజంగానే ఒక లోటుందని నాకనిపిస్తుంది. ఆ లోటేమిటో తెలియాలంటే మూడు సినిమాలనీ పక్కపక్కన పెట్టి ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు. కథ చివర తోడేలును చంపేదెవరు?

సినిమాలు పుట్టకముందు ఆ పని కోర్టులు చేసేవి. వేళాకోళం కాదు. 1589లో జర్మనీలో కొలోన్ నగరానికి దగ్గర్లోని బెడ్‌బుర్గ్ అనే ఊళ్ళో, పీటర్ స్టుంప్ అనే రైతును తోడేలుగా మారి మనుషుల్ని చంపుతున్నాడన్న నేరం మీద పట్టుకున్నారు. చిత్రహింసలు పెడతామనేసరికి ఒప్పుకున్నాడు. అలా బెదిరిస్తే ఎవరు మాత్రం ఒప్పుకోరు? అతన్ని ఘోరంగా చంపారు. అతనితో పాటు అతని కూతుర్నీ, అతనితో సహవాసం చేసిన ఆడమనిషినీ కూడా చంపేశారు. తోడేలు ఎవరైనా గానీ, శిక్షలో వాటా ఇంట్లో ఆడవాళ్ళకి తప్పలేదన్నమాట.

అందరూ అలా లేరు. 1603లో ఫ్రాన్సులో జాన్ గ్రెనియే అనే పద్నాలుగేళ్ళ కుర్రాడు తనే తోడేలునని ఊరంతా చెప్పుకు తిరిగాడు. బోర్డో నగరంలో పెద్ద కోర్టు ఆ కేసు విని, ఈ పిల్లాడిది పాపం కాదు, మతి చెడిందని తేల్చి, ఒక మఠంలో ఉంచి కాపాడమని తీర్పు చెప్పింది. చంపడమా, సాకడమా అన్న ఈ రెండు దారులూ నాలుగు వందల ఏళ్ళ కిందటే ఉన్నాయి. సినిమా కథలు కూడా ఈ రెండిటి మధ్యే ఊగిసలాడుతూ వచ్చాయి.

ఇక 1941 నాటి కథ చెప్పుకుందాం.

వేల్స్ దేశంలో ఓ పల్లెటూరు. ఆ ఊరి జమీందారు సర్ జాన్ టాల్బట్. పెద్దకొడుకు వేటలో పోయాడు. పద్దెనిమిదేళ్ళుగా అమెరికాలో ఉండిపోయిన రెండోవాడు లారీ ఇంటికొస్తాడు. తండ్రీ కొడుకుల మధ్య ఎన్నాళ్ళుగానో మాటల్లేవు. ఇప్పుడు ఇద్దరూ మొహమాటపడుతూ ఒకరికొకరు దగ్గరవుతూ ఉంటారు. తండ్రిగా వేసిన క్లాడ్ రెయిన్స్ కురచ మనిషి, కొడుకుగా వేసిన లాన్ చానీ జూనియర్ తాటిచెట్టంత ఉంటాడు. ఈయనకి ఆ కొడుకేమిటని ఇప్పటికీ జనం నవ్వుకుంటారు గానీ, ఇద్దరూ నటిస్తుంటే ఆ సంగతి మర్చిపోతాం.

తండ్రికి నక్షత్రాలు చూసే సరదా ఉంది. ఇంటిమీద పెద్ద దుర్భిణి. కొడుకుగారు దాన్ని ఊళ్ళోకి తిప్పి, ఎదురుగా ఓ దుకాణం పైగదిలో ఉన్న అమ్మాయిని చూస్తాడు! పైగా వెళ్ళి ఆ అమ్మాయికే ఆ మాట గొప్పగా చెప్తాడు. ఈ రోజుల్లో అయితే చెప్పు తెగేది. పేరు గ్వెన్. ఆమెతో మాటలు పెంచుకోడానికి ఆ దుకాణంలో ఒక చేతికర్ర కొంటాడు. దాని పిడి వెండిది, తోడేలు తలకాయ ఆకారంలో ఉంటుంది. ఈ కర్రను గుర్తుపెట్టుకోండి.

ఊరి చివర జిప్సీలు దిగారు. గ్వెన్, ఆమె స్నేహితురాలు జెన్నీ, లారీ కలిసి జాతకం చెప్పించుకోడానికి వెళ్తారు. జాతకం చెప్పే బేలాకి జెన్నీ అరచేతిలో అయిదు మొనల నక్షత్రం కనిపిస్తుంది. తోడేలు చేతిలో పోబోయేవాళ్ళకి కనిపించే గుర్తది. పాపం, పారిపొమ్మని తనే తరుముతాడు, కానీ ఆ రాత్రి తోడేలై ఆమెను చంపేదీ తనే. అడ్డం పడిన లారీ ఆ వెండి పిడి కర్రతో తోడేలును కొట్టి చంపుతాడు. ఈలోగా అది అతన్ని కరుస్తుంది. తెల్లారి చూస్తే అక్కడున్నది తోడేలు శవం కాదు, బేలా శవం. బేలాకి తల్లి మాలేవా. కొడుకును చంపినవాడి మీద ఆమె పగపట్టదు. నాయనా, నా కొడుక్కి పట్టిందే నీకూ పట్టిందని చెప్పి, మెడలో వేసుకొమ్మని రక్షరేకు ఇస్తుంది. ఆ వెర్రివాడు దాన్ని తీసుకెళ్ళి గ్వెన్ మెడలో వేస్తాడు.

మాలేవాగా వేసినావిడ మరియా ఉస్పెన్‌స్కయా. మాస్కో ఆర్ట్ థియేటర్‌లో స్టనిస్లావ్‌స్కీ దగ్గర నేర్చుకుని, ఆ బృందంతో అమెరికా వచ్చి అక్కడే నిలిచిపోయి ఎంతోమందికి నటన నేర్పిన గురువు. ఆమె కొడుకుగా వేసిన బేలా లుగోసీ ఆమె కంటే ఆరేళ్ళే చిన్న! హీరోలకి తల్లులుగా వేసినవాళ్ళ వయసులు లెక్కేసి చూసిన మనకి ఇదేం వింత కాదు లెండి.

ఈ కథ రాసిన కర్ట్ సియోడ్‌మాక్ జర్మనీలో పుట్టిన యూదుడు. 1933లో నాజీలు గద్దెనెక్కాక ఇల్లూ వాకిలీ వదిలి ఇంగ్లండు వెళ్ళాడు. 1937లో అమెరికా చేరాడు. ఎప్పుడు ఎవరి మీద గుర్తు పడుతుందో, ఏ పొరుగువాడు రాత్రికి రాత్రి మృగమైపోతాడో తెలియని చోటునుంచి వచ్చినవాడు. అరచేతిలో నక్షత్రం గుర్తును చూసి, యూదుల బట్టల మీద నాజీలు కుట్టించిన పసుపుపచ్చ నక్షత్రాన్ని తలుచుకున్న విమర్శకులు చాలామందే ఉన్నారు. జిప్సీల సంగతీ అంతే. వెయ్యేళ్ళ కిందట మన దేశపు వాయవ్య ప్రాంతాల నుంచి వలస వెళ్ళిన రోమా జాతివాళ్ళు వీళ్ళు. వాళ్ళ భాష మన హిందీకి చుట్టం. యుద్ధకాలంలో నాజీలు వాళ్ళనీ లక్షల్లో చంపారు. అలాంటి రోజుల్లో సినిమా కథకి గుండెకాయగా ఒక జిప్సీ ముసలమ్మను పెట్టాడు సియోడ్‌మాక్.

అన్నట్టు, ఈ సినిమాలో ఊళ్ళోవాళ్ళందరూ ఓ నాలుగు పాదాల పద్యం చెప్తూ ఉంటారు. ఎంత మంచివాడైనా ఫలానా పువ్వు పూసే వేళకి తోడేలు కావచ్చునని దాని భావం. అది తాతల నాటి జానపద పద్యమని లోకమంతా నమ్మింది. నిజానికి దాన్ని రాసింది సియోడ్‌మాకే. ఆ పువ్వు కూడా మన ఆయుర్వేదంలో చెప్పే వత్సనాభి జాతి విషపు మొక్కదే. అందులో శరత్కాలపు చంద్రుడున్నాడు గానీ, పున్నమే కావాలన్న నియమం లేదు. 1943లో తీసిన రెండో భాగంలో ఆ పాదాన్ని మార్చి నిండు చంద్రుణ్ణి పెట్టారు. అంతకుముందు 1935లో వచ్చిన 'వేర్‌వుల్ఫ్ ఆఫ్ లండన్' సినిమాలో పున్నమి ఉంది గానీ, జనం మనసులో పాతుకుపోయింది మాత్రం ఈ లారీ కథలతోనే. అలా సినిమావాళ్ళ చేర్పు మన కళ్ళముందే పురాణమైపోయింది.

సినిమా విడుదల కావలసింది 1941 డిసెంబరు రెండో వారంలో. సరిగ్గా డిసెంబరు 7న జపానువాళ్ళు పెర్ల్ హార్బర్ మీద బాంబులు వేశారు. నిజం భయం ఇంటికొచ్చాక ఈ ఉత్తుత్తి భయం ఎవరు చూస్తారని కంపెనీవాళ్ళు బెంగపడ్డారు. పత్రికలవాళ్ళు కొందరు వెక్కిరించారు కూడా. జనం మాత్రం విరగబడి చూశారు. రెండు లక్షల డాలర్ల లోపు ఖర్చుతో తీసిన డెబ్భై నిమిషాల సినిమా! కొడుకుల్ని యుద్ధానికి పంపబోతున్న ఇళ్ళవాళ్ళు కూడా ఆ హాళ్ళలో కూర్చున్నారు. మంచి కుర్రాడు, తన తప్పేమీ లేకుండానే, చంపేవాడైపోవడం ఆ ఏడాది కట్టుకథగా తోచి ఉండదు.

ఇక ముగింపు. లారీ తన జబ్బు సంగతి చెప్తే చదువుకున్న తండ్రి నమ్మడు. అదంతా నీ మనసులో భ్రమ అంటాడు. భ్రమేనని రుజువు చెయ్యడానికి కొడుకును కుర్చీకి కట్టి, తోడేలు వేటకి వెళ్తున్న ఊరివాళ్ళను కలుసుకోడానికి బయల్దేరతాడు. వెళ్ళేముందు లారీ బతిమాలతాడు, నాన్నా, ఆ చేతికర్ర తీసుకెళ్ళమని. కొడుకు సంతోషం కోసం తీసుకెళ్తాడు. పొగమంచులో గ్వెన్ మీద తోడేలు పడుతుంది. తండ్రి ఆ కర్రతోనే కొట్టి కొట్టి చంపుతాడు. మాలేవా బండి దిగొచ్చి తోడేలు పక్కన మోకరిల్లి, నీ తప్పేం లేదు, నీ బాధ తీరిందని ఊరడించే మాటలేవో చెప్తుంది. తన కొడుకు శవపేటిక దగ్గర చెప్పిన మాటలే ఇవి. తండ్రి చూస్తుండగా తోడేలు మొహం మారి లారీ మొహమవుతుంది. అప్పుడే ఊళ్ళోవాళ్ళు పరిగెత్తుకొస్తారు. వాళ్ళలో పోలీసు అధికారి, తోడేలు అమ్మాయి మీద పడితే మీ అబ్బాయి అడ్డొచ్చి పోయాడు కాబోలు, అయ్యో అంటాడు. తండ్రి నోరు మెదపడు. నిజం తెలిసింది ఇద్దరికే. కర్ర ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

అదీ సంగతి. 1941లో తోడేలును చంపింది కన్నతండ్రి. తెలియక చంపాడు. తెలిశాక మనకి మిగిలేది భయం కాదు, పుత్రశోకం.

ఆ తర్వాత కథలవాళ్ళకి ఇంకో ఆలోచన వచ్చింది. 1944లో వచ్చిన 'హౌస్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టీన్'లో కొత్త షరతు పెట్టారు. తోడేలు మనిషికి విముక్తి కావాలంటే వెండి గుండు ఒక్కటే చాలదు, అతన్ని మనసారా ప్రేమించి అర్థం చేసుకున్నవాళ్ళే దాన్ని పేల్చాలి. ఇలోంకా అనే జిప్సీ పిల్ల లారీని కాల్చి, తనూ ప్రాణం వదులుతుంది. అలా తండ్రి చేతిలోంచి ఆయుధం ప్రేమించిన ఆడపిల్ల చేతిలోకి వచ్చింది. అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అరవై ఆరేళ్ళ తర్వాత అదే అసలు కథయి కూర్చుంది.

2010 సినిమాకి హీరో బెనీసియో దెల్ తోరో. పాత సినిమా అంటే ప్రాణం పెట్టే మనిషి. తనూ ఒక నిర్మాతగా చేరి తీయించాడు. షూటింగు కొద్ది వారాల్లో మొదలవుతుందనగా దర్శకుడు మారాడు, జో జాన్‌స్టన్ వచ్చాడు. విడుదల తేదీ మాటిమాటికీ వాయిదా పడి, చివరికి 2010 ఫిబ్రవరిలో హాళ్ళకొచ్చింది. సుమారు పదిహేను కోట్ల డాలర్లు ఖర్చుపెడితే, లోకమంతా కలిపి పద్నాలుగు కోట్ల చిల్లర వసూలైంది. అందులో హాళ్ళవాళ్ళ వాటా పోగా ఏం మిగులుతుందో ఇంటి లెక్కలు రాసుకునే మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. 2011లో ఆ కంపెనీ అధిపతే, మేం తీసిన పరమ చెత్త సినిమాల్లో ఇదొకటని నలుగురిలో ఒప్పేసుకున్నాడు!

అంత తీసిపారెయ్యాల్సిన సినిమా కాదని నేనంటాను. 1891 నాటి ఇంగ్లండు, బూజు పట్టిన బంగళా, పొగమంచు, కొవ్వొత్తుల వెలుగు, అన్నీ కంటికి నిండుగా ఉంటాయి. మేకప్ వేసిన రిక్ బేకర్ సామాన్యుడు కాదు. 1941లో చానీకి జడలబర్రె వెంట్రుకలు గంటలకొద్దీ కూర్చుని అతికించిన జాక్ పియర్స్ అంటే ఆయనకి చిన్నప్పటినుంచీ ఆరాధన. పాపం, పియర్స్‌ను 1940ల్లోనే కంపెనీ సాగనంపేసింది. మేకప్‌కి ఏటేటా ఆస్కారు ఇవ్వడం మొదలుకాకముందే, 1968లో ఆయన పోయాడు. 1981 సినిమాలతో ఆ బహుమతి మొదలైతే మొట్టమొదటిది బేకర్‌కే వచ్చింది, అదీ 'యాన్ అమెరికన్ వేర్‌వుల్ఫ్ ఇన్ లండన్' అనే తోడేలు సినిమాకే! 2011లో ఈ రీమేకు కూడా ఆయనకీ డేవ్ ఎల్సీకీ ఆస్కారు తెచ్చిపెట్టింది. 1983లో మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' పాటలో ఆ పిల్లి కళ్ళ మృగమూ, లేచొచ్చే శవాలూ బేకర్ చేతి చలవే. 1985లో 'దొంగ' సినిమాలో చిరంజీవి 'గోలీమార్' పాట చూసి కేరింతలు కొట్టిన మన పిల్లలకి తెలియదు గానీ, ఆ వేషాల మూలం అక్కడుంది.

ఇంత ఉన్నా మనిషి తోడేలుగా మారే ఘట్టాలు కంప్యూటర్లతో చేసేశారు. 1941లో ఏం చేశారో తెలుసా? మారేటప్పుడు లారీ మొహం చూపించనే లేదు, పాదాలు మాత్రం చూపించారు. మొహం చూపించింది ఒక్కసారే, చచ్చిపోయాక తోడేలు తిరిగి మనిషయ్యేటప్పుడు. మృగం కావడం కంటే మనిషి కావడమే చూడవలసిన సంగతని వాళ్ళనుకున్నారో, లేక డబ్బు చాలక అలా తీశారో గానీ, చూసేవాళ్ళ గుండెకి తగిలింది అదే.

అసలు మార్పు కథలో జరిగింది. 2010 సినిమాలో తండ్రి సర్ జాన్ వేషం ఆంథొనీ హాప్కిన్స్‌ది. ఈ తండ్రే మొదటి తోడేలు! భార్యను తనే చంపి, అది చూసిన చిన్నకొడుకును పిచ్చాసుపత్రిలో వేయిస్తాడు. పెద్దకొడుకును చంపేదీ, చిన్నకొడుకును కరిచేదీ కూడా తనే. ఇంతకీ ఈయనకి ఆ జబ్బు ఎక్కడంటుకుంది? హిందూకుష్ కొండల్లో ఓ గుహలో! ఇంట్లో నౌకరు సింగ్ అనే సిక్కు. 1935 సినిమాలో శాస్త్రవేత్తకి టిబెట్‌లో అంటుకుంది, ఇప్పుడు ఇక్కడ. దొరలకి ఏ దరిద్రం పట్టినా అది తూర్పునుంచే రావాలి కాబోలు.

చివరికి కొడుకు తండ్రిని చంపుతాడు. తోడేలైన ఆ కొడుకును, చనిపోయిన అన్నకి కాబోయిన భార్య గ్వెన్ వెండి గుండుతో కాల్చి చంపుతుంది. అతన్ని ప్రేమించింది గనక, విముక్తి ఆమె చేతిలోనే ఉందని మాలేవా ముందే చెప్పి ఉంటుంది. పోతూ పోతూ అతను ఆమెకి కృతజ్ఞత చెప్పుకుంటాడు.

ఈ సినిమా చూసినవాళ్ళు రకరకాలుగా విసుక్కున్నారు. నెత్తురు ఎక్కువైందన్నారు, పరుగెత్తించారన్నారు. ఆ తర్వాత డిస్కుల్లో దాదాపు పావుగంట కలిపి ఇంకో ప్రతి విడుదల చేస్తే, ఇది కాస్త నయమని అభిమానులు సర్దుకున్నారు. ఆ కలిపిన వాటిలో ఏముందనుకున్నారు? రైల్లో ఓ ముసలాయన హీరోకి వెండి పిడి చేతికర్రను ఇచ్చే సన్నివేశం! హాళ్ళలో వేసిన ప్రతిలో దాన్ని కత్తిరించేశారు. కర్ర ఎలాగూ తండ్రి చేతికి వెళ్ళేది కాదు గదా, ఉంటేనేం, పోతేనేం అనుకున్నారేమో. నాకు మాత్రం జనం విసుగంతటికీ కారణం ఆ కత్తిరింపులోనే కనిపిస్తుంది. తండ్రి దుర్మార్గుడైపోయాక ఇక ఏడవడానికి ఎవరున్నారు? దుఃఖం ఉన్న చోట కోపం పెట్టారు. చూసేవాళ్ళు కోపంగానే లేచి వెళ్ళారు.

తండ్రి తప్పు కొడుక్కి తగులుకోవడం మనకీ కొత్త కాదు. 1980లో ఏవీఎం వారి 'పున్నమి నాగు'లో తండ్రి చిన్నప్పటినుంచీ కొడుక్కి కొంచెం కొంచెం విషం తినిపిస్తాడు. పెద్దయ్యాక పున్నమి వచ్చిందంటే ఆ కుర్రాడు చేరదీసిన ఆడపిల్ల ప్రాణం పోతుంది. కానీ ఆ తండ్రి చచ్చిపోయేముందు చేసిన తప్పు ఒప్పుకుంటాడు. హాప్కిన్స్ తండ్రికి ఆ పశ్చాత్తాపం కూడా రాయలేదు. 2022లో హిందీ 'భేడియా'ను 'తోడేలు' పేరుతో తెలుగులో వేశారు. అందులో అరుణాచల్ అడవిని కాపాడటానికే తోడేలు పుట్టింది. ఏ ఊరి భయం ఆ ఊరి అవసరాన్ని బట్టి వేషం మార్చుకుంటుందన్నమాట.

2025లో వచ్చిన మూడోదాన్ని లీ వానెల్ తీశాడు. విడుదలకి ముందే, 2024లో, ఈ తోడేలు వేషం ఒక వినోద ప్రదర్శనలో బయటపడితే జనం నవ్విపోశారు. జుట్టేదీ, ఇదేం తోడేలన్నారు. సినిమా వచ్చాక కూడా, భయమూ చాల్లేదు, బాధా చాల్లేదని చాలామంది అన్నారు. కానీ ఇందులో ఒక్క సంగతి మాత్రం నన్ను కట్టిపడేసింది. ఇందులో పున్నమి లేదు, వెండి లేదు. బ్లేక్ అనే ఇంటిపట్టునుండే భర్త, షార్లెట్ అనే సంపాదించే భార్య, చిన్నకూతురు. కాపురం అంతంతమాత్రం. ఆరెగాన్ అడవుల్లో అతని తండ్రి ఇంటికి వెళ్తుండగా ఏదో మృగం గీరుతుంది. ఆ ఒక్క రాత్రిలో భర్తకి ఒంట్లో జబ్బు ముదురుతున్నట్టు మార్పులొస్తాయి. భార్య మాట్లాడుతూనే ఉంటుంది, అతని చెవికి ఆ మాటలు అర్థంలేని చప్పుళ్ళుగా వినిపిస్తాయి. కెమెరా అతని వైపునుంచీ, ఆమె వైపునుంచీ మార్చి మార్చి చూపిస్తుంది. మంచాన పడి మనుషుల్ని గుర్తుపట్టని పెద్దవాళ్ళకి సేవ చేసిన ఏ ఇల్లాలికైనా ఆ సన్నివేశం చూస్తే కడుపులో చెయ్యిపెట్టి దేవినట్టుంటుంది. ఇక్కడా మొదటి మృగం తండ్రే. ఇక్కడా చివర తుపాకీ పట్టుకున్నది ఆడదే. కూతుర్ని కాపాడుకోడానికి భర్తను ఆమే కాల్చవలసి వస్తుంది.

ఇప్పుడు వరస చూడండి. 1941లో తండ్రి. 2010లో ప్రేమించిన స్త్రీ. 2025లో కట్టుకున్న భార్య. ఎనభై నాలుగేళ్ళలో ఆ ఆఖరి దెబ్బ భారం మగవాడి చేతిలోంచి జారి ఆడదాని చేతిలోకి వచ్చి చేరింది. కొందరు దీన్ని మెచ్చుకున్నారు. పాత గ్వెన్ కెవ్వున అరిచి మూర్ఛపోవడమే చేసింది, కొత్తావిడలు ధైర్యంగా నిలబడ్డారన్నారు. నిజమే, కాదనను. కానీ నాకు లోపల ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంది. ఎందుకంటే ఆ షరతు మనం ఇళ్ళల్లో విన్నదే. పొద్దుగూకేసరికి తాగొచ్చి మారిపోయే మగవాణ్ణి చూసి, పెళ్ళాం సరైనదైతే వాడు బాగుపడడూ అనేవాళ్ళు వీధికి పదిమంది దొరుకుతారు. జబ్బు ఎవరు తెచ్చారో అడగరు. మందు మాత్రం ఆవిడ చేతిలోనే ఉందంటారు. ప్రేమ ఉంది గనక నువ్వే చెయ్యాలమ్మా అంటారు. చేసినా, చెయ్యలేకపోయినా, ఆ రాత్రిని జన్మంతా మొయ్యవలసింది కూడా ఆవిడే.

1941 సినిమా ఆ భారాన్ని తండ్రి మీద పెట్టింది. కన్నవాడు, ఊరికి పెద్ద, చదువుకున్నవాడు, కొడుకు మాట నమ్మనివాడు. ఆయన చేతుల్తోనే చేయించి, ఆయన్నే మాట లేకుండా నిలబెట్టింది. అందుకే ఆ ముగింపు న్యాయంగా తోస్తుంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా, పాతదే బాగుందని జనం అంటున్నారంటే, ఆ మూగబోయిన మనిషి మొహాన్ని మర్చిపోలేకే అనుకుంటాను.

ఇంకో కారణం మాలేవా. 1943 నాటి రెండో భాగంలో దిక్కులేని లారీ ఆమెను వెతుక్కుంటూ వెళ్తే, తన కొడుకులా చూసుకుంటానని బండెక్కించుకుని దేశాలు తిరుగుతుంది. ఆమె చంపదు, పారిపోదు. బోర్డో కోర్టువారు నాలుగు వందల ఏళ్ళ కిందట ఆ పిల్లాడి పట్ల చూపించిన దయే ఈమెదీను. 2010లో ఆ పాత్ర వేసింది చార్లీ చాప్లిన్ కూతురు జెరాల్డీన్ చాప్లిన్. అంతటి నటిని పెట్టుకుని కూడా నాలుగు మాటలు చెప్పించి పంపేశారు. 2025లో అలాంటి మనిషే లేదు.

ఈ సినిమాను ఇంకోసారి తీయకుండా ఉండరు, నాకు తెలుసు. పున్నమి ఉంచుకున్నా, తీసేసినా, తోడేలుకి జుట్టు ఎక్కువ పెట్టినా, తక్కువ పెట్టినా నాకేం పేచీ లేదు. ఆ చేతికర్రను మాత్రం తిరిగి తండ్రికే ఇవ్వమని నా మనవి. కుదిరితే ఆ ముసలమ్మకి ఇంకో రెండు సీన్లు రాయమని కూడా.